బెల్లంతో సరితూగిన పిల్ల

మా మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి పేరు సుజాత. భర్త పరవాడలో మందుల కంపెనీకి పోతాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కాడంటే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటి ముఖం చూడడం. రెండేళ్ళు నిండీ నిండని కూతురుంది వాళ్ళకి. మొన్నామధ్య ఆ పిల్లని తూకానికి అంగన్‌వాడీకి తీసుకెళ్తూ, "మీరూ రండి పిన్నిగారూ. ఆ టీచరు నన్ను తిడతాది, మీరుంటే తిట్టదు" అంది. నా నెరిసిన జుట్టుని ఇలాంటి పనులకి వాడుకునేవాళ్ళు మా వీధిలో చాలామందే ఉన్నారు. రాసుకుంటున్న కాగితాలు పక్కన పెట్టి, గొణుక్కుంటూనే చెప్పులు తొడుక్కున్నాను. నేనున్నా ఆ టీచరు తిట్టడం మానలేదు. పిల్లని తూకం మీద నిలబెట్టి, ఫోనులో ఏదో నొక్కి, "మళ్ళీ తగ్గింది. ఏటి పెడతన్నావు దీనికి?" అని కసిరింది. సుజాత నేలచూపులు చూస్తూ, "టీలో బిస్కెట్టండి. అన్నం పెడితే ఉమ్మేత్తాది. పాకెట్లయితే తింటాది" అంది. గుడ్డు ఇస్తున్నారు, పాలు ఇస్తున్నారు, పిండి ఇస్తున్నారు, గోడ నిండా ఏం తినాలో రంగుల్లో బొమ్మలు వేసి పెట్టారు. ఆ బొమ్మల కింద కూచుని ఆ పిల్ల కరకరలాడే పాకెట్టు కోసం రాగం తీస్తోంది.

అప్పుడు టీచరు పిల్ల రెండు పాదాలూ పట్టుకుని, వాటి మీద రెండు బొటనవేళ్ళూ గట్టిగా అదిమి, పైకే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, వేళ్ళు తీసి చూసింది. ఏమీ లేదన్నట్టు తలూపింది. "ఏం చూశావమ్మా?" అన్నాను. "నీరుందేమోనండి. సరైన తిండి లేకపోతే కొంతమంది పిల్లలకి ఒంట్లో నీరు పట్టుద్ది. ఇలా నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోద్ది. ఆళ్ళని తూసేవనుకోండి, బరువు బాగానే సూపిత్తాది. అదంతా నీళ్ళ బరువండి. అందుకే కాళ్ళు నొక్కి సూడమంటారు" అని చెప్పి, తరవాతి పిల్లని పిలిచేసింది. ఆమెకి అది రోజూ చెప్పే పాఠం. నేను మాత్రం అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. సుజాత మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఎండ దెబ్బ అనుకుంది పాపం.

అలా నొక్కి చూడడం నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరూ నేర్పకుండా, మా చెల్లి కాళ్ళ మీద నేను ఆడిన ఆట అది.

మా ఇంటికి ముందు భాగం కొట్టు, వెనక భాగం కాపురం. నాన్న బెల్లం, ధాన్యం, పప్పుల వ్యాపారం చేసేవారు. చెరకు గానుగలు ఆడే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళ మీద తాటాకు చాపల్లో చుట్టిన బెల్లం దిమ్మలు వచ్చి పడేవి. చేతిలోకి తీసుకున్న బెల్లం ముక్కకి ఒక వాసన ఉంటుంది, గది నిండా పేర్చిన బెల్లానికి ఇంకో వాసన ఉంటుంది. కొంచెం పులుపు, కొంచెం మాడు, తడిసిన తాటాకు కలిసిన ఆ వాసన మా బట్టలకీ, జుట్టుకీ, పలకలకీ పట్టేసేది. బళ్ళో పిల్లలు నన్ను వాసన చూసి నవ్వేవారు. చీమల బాధకి మంచం కోళ్ళ కింద నీళ్ళ చిప్పలుండేవి. కొట్టుకీ ఇంటికీ మధ్య నడవలో కందిపప్పు, పెసలు, మినుములు, వేరుశనగ గుళ్ళ బస్తాలు నిలబెట్టి ఉండేవి. మా ఇంట్లో పిల్లలు నడక నేర్చుకున్నది ఆ బస్తాలు పట్టుకునే. మా చెల్లి నూకరత్నం కూడా అలాగే నేర్చుకుంది. ఒక్కో బస్తా దగ్గరా ఆగి, దాన్ని చేత్తో చరిచి, ఆ చప్పుడికి తనే కిలకిలా నవ్వేది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది, ఎవరి మీదో తెలీదు.

దానికి ఏడాదిన్నర దాటేసరికి అమ్మకి మళ్ళీ నెల తప్పింది. కడుపుతో ఉన్న తల్లి పాలు తాగితే పిల్లకి చెడుపు చేస్తుందని మామ్మ నమ్మకం. మామ్మంటే నాన్నకి అమ్మ, ఆ ఇంటికి పెద్ద దిక్కు, ఆవిడ మాటకి ఎదురు మాట ఉండేది కాదు. వేపాకు ముద్ద నూరి అమ్మ రొమ్ములకి పట్టించింది. రత్నం మూడు రోజులు ఏడ్చింది, నాలుగో రోజు మానేసింది. ఆ తరవాత కొద్ది రోజులకే దానికి ఒళ్ళంతా ఎర్రగా పొక్కి జ్వరం వచ్చింది. తట్టు అని ఇప్పుడంటాం. అప్పుడు మా ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదు, అమ్మవారు వచ్చిందనాలి. గుమ్మానికి వేపమండలు కట్టారు, పోపు పెట్టడం ఆపేశారు. పిల్ల కళ్ళు తెరవకుండా పడి ఉంటే మామ్మ దేవుడి గది గడప మీద తల ఆనించి, "తల్లీ, పిల్లని నాకొదిలీ. దానెత్తు బెల్లం తూసి నీ గుళ్ళో పంచిపెడతాను" అని మొక్కుకుంది. జ్వరం తగ్గింది. రత్నం లేచి కూచుంది. ఎముకల గూడులా ఉంది గానీ, కూచుంది.

మొక్కు అప్పుడే తీర్చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మామ్మకి మనసొప్పలేదు. "బెల్లం కొట్టున్న కొంప మనది. పుల్లలాంటి పిల్లని తక్కెట్లో పెట్టి, నాలుగు ముక్కలు తూసి అమ్మోరి ముందు పెడితే ఊరు నవ్విపోదా? కాత్త ఒళ్ళు చెయ్యనియ్యండి. అప్పుడు నిండుగా తూద్దాం" అంది. నాన్న తలూపారు. కొట్లో ఉన్న బుద్ధిగల వ్యాపారస్తులందరూ తలూపారు. మొక్కు తీరేదాకా అమ్మవారు ఇంట్లో ఉన్నట్టే లెక్క గనక, మొక్కు తీరేదాకా పిల్లకి పథ్యం. పప్పు పెట్టకూడదు, వాతం. పాలు పొయ్యకూడదు, కఫం. నెయ్యి, నూనె, వేరుశనగ, ఏదీ తగలకూడదు. మెత్తగా కలిపిన అన్నం, అందులో బెల్లం, మధ్యాహ్నం మిరియాల చారు నీళ్ళు, అంతే. పథ్యం వదలాలంటే మొక్కు తీరాలి, మొక్కు తీరాలంటే పిల్ల బరువెక్కాలి, బరువెక్కాలంటే తినాలి, తినడానికి పథ్యం అడ్డం. ఇంత పెద్ద ముడి ఆ ఇంట్లో ఒక్కరికీ కనపడలేదు. ధాన్యం గుప్పిట్లో పట్టుకుని తేమ ఎంతుందో చెప్పగల మనుషులు వాళ్ళు.

ప్రేమ లేక కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. రత్నాన్ని ఒడిలోంచి ఒడిలోకి మార్చుకుంటూనే ఉండేవాళ్ళం. మామ్మ మంచి రంగున్న బెల్లం ఏరి పక్కన పెట్టేది, దానికోసం. అమ్మ వేవిళ్ళతో గోడకి జారబడి కూడా అన్నం పిసికి, బెల్లం కలిపి, ముద్దలు చేసి పెట్టేది. అమ్మకి ఓపిక లేనప్పుడు నేను పెట్టేదాన్ని. కాకమ్మ ముద్ద, పిచ్చికమ్మ ముద్ద అంటూ అదే అన్నం, అదే బెల్లం, రోజుకి మూడు పూటలు. పక్కనే నేను పప్పు కలుపుకుని తినేదాన్ని. రత్నం నా కంచం వైపు చెయ్యి చాపేది. "తప్పమ్మా, అమ్మోరికి కోపం వత్తాది" అని నేను కంచం అవతలికి జరుపుకునేదాన్ని. ఎంత బాధ్యతగా జరుపుకునేదాన్నో! నన్ను మెచ్చుకునేవారు కూడా.

ప్రతి మంగళవారం కొట్లో తూకం. దూలానికి వేలాడే పెద్ద తక్కెడలో ఒక పళ్ళెం మీద పాత చీర మడతపెట్టి రత్నాన్ని కూచోబెట్టేవారు. రెండో పళ్ళెంలో మామ్మ తన చేత్తో ఒక్కో బెల్లం ముక్కా వేసేది. మొదట్లో కొన్ని వారాలు ముక్కలు పెరగలేదు. మామ్మ ముఖం మాడ్చుకుని, "ఇంకా పెట్టండే, ఇంకా పెట్టండి" అని అమ్మని సాధించేది. తరవాత ఒక మంగళవారం ఒక ముక్క ఎక్కువ పట్టింది. వచ్చే వారం ఇంకొకటి. మామ్మ ఆనందం చూడాలి! "అమ్మోరు సల్లగా సూసిందే" అని కొట్లోకి వచ్చిన రైతులందరికీ బెల్లం పంచింది. రత్నం బుగ్గలు నిండాయి. పాదాలు పూరీల్లా పొంగాయి. నల్లటి జుట్టు పలచబడి రాగి రంగుకి తిరిగితే, "దొరసానే, దొరసాని" అని మురిసిపోయాం. పిక్కల మీద చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంటే, పొక్కులు రాలిన మచ్చలేలే అనుకున్నాం. బస్తాలు చరచడం మానేసింది. నవ్వడం మానేసింది. కూచోబెట్టిన చోట కూచుని మా వైపు చూస్తూ ఉండేది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా, గొంతు వినబడదు" అని ఇరుగుపొరుగులు మెచ్చుకుంటే, దిష్టి తగులుతుందని మామ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది.

ఆ రోజుల్లోనే నేను ఆ ఆట కనిపెట్టాను. అచ్చులోంచి అప్పుడే తీసిన బెల్లం మీద వేలు పెడితే గుంట పడుతుంది కదా, అలాగే రత్నం పాదం మీదా పడుతోంది. బొటనవేలు అదిమి తీస్తే చిన్న పల్లం. అది పూడడానికి ఎంతసేపు పడుతుందో అంకెలు లెక్కపెట్టేదాన్ని. వీధిలో పిల్లల్ని పిలిచి చూపించేదాన్ని, "మా చెల్లి కాళ్ళు బెల్లం కాళ్ళు" అని. వాళ్ళూ వరసగా కూచుని నొక్కేవారు. రత్నం కాలు వెనక్కి లాక్కునేది కూడా కాదు. అమ్మకి చూపిస్తే, "చాల్లే, నొక్కకే, నొప్పెడతాది" అని నవ్వింది. అంటే ఇంట్లో అందరికంటే ముందు ఆ గుర్తు నా వేలికే తెలిసింది. తెలిసి ఏం లాభం, దాన్ని ఆట చేశాను.

పూడిమడక నుంచి పోలమ్మ అని ఒకావిడ వారానికోసారి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. మేం చేపలు తినం, అయినా తిరుగు దారిలో మా కొట్లో బెల్లం కొనుక్కుని, అరుగు మీద కాసేపు కూచుని వెళ్ళేది. గంప మాత్రం వీధి అవతల దింపి వచ్చేది, మామ్మ గొడవ పడలేక. ఆ రోజు రత్నం నా పక్కన అరుగు మీదుంది. నేను గొప్పగా, "పోలమ్మా, ఇదిగో చూడు" అని ఆట చూపించాను. ఆవిడ నవ్వలేదు. రత్నం పాదం తన చేతిలోకి తీసుకుని తనూ నొక్కింది. జుట్టు వేళ్ళతో దువ్వితే కుచ్చు ఊడి చేతికి వచ్చింది. అప్పుడు లోపలికి కేకేసింది.

"మామ్మగోరూ, ఓపాలి ఇలగ రండి. ఈ పిల్లది ఒళ్ళు కాదండి, నీరు. నా నడిపి దానికి ఇలాగే అయ్యింది. మీరు తిట్టుకున్నా సరే సెప్తన్నాను, దీనికి సేప ఉడకేసిన నీళ్ళు పట్టండి. ఇలగ ఒగ్గేత్తే దక్కదు."

మామ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏటీ? అమ్మోరి పథ్యంలో ఉన్న పిల్లకి సేప నీళ్ళా? లెగు. లెగు ముందు నా అరుగు మీంచి!" అంది. పోలమ్మ లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం వెనకున్న అమ్మ వైపు చూసి, "అమ్మా, నువ్వైనా ఇనుకో" అంది. అమ్మ తల దించుకుంది. ఆ ఇంట్లో కోడలు ఇంకేం చెయ్యగలదు?

ఆ తరవాతి మంగళవారమే మొక్కు తీర్చేశారు. మామ్మకి లోపల ఎక్కడో బెదురు పుట్టిందనుకుంటాను. డప్పులు పెట్టించారు. రత్నానికి పట్టు పరికిణీ కట్టి, మెళ్ళో బంతిపూల దండ వేసి తక్కెట్లో కూచోబెట్టారు. తల నిలబడక పక్కకి వాలిపోతుంటే నేను వెనక నుంచి పట్టుకున్నాను. బెల్లం దండిగా తూగింది. వీధంతా చూసింది. మామ్మ పరువు నిలబడింది. గుళ్ళో ఆ బెల్లం పంచుతుంటే జనం ఎగబడి తీసుకున్నారు. ఆ సాయంత్రమే రత్నానికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు అనే మాట మా ఇంట్లో వినబడింది అప్పుడే, చిట్టచివర. ఆయన వచ్చి చూసి, "ఇంతదాకా ఏం చేస్తున్నారు?" అని ఒక్కటే అడిగాడు. శనివారం పొద్దున్న, అమ్మ పళ్ళు తోముకుని వచ్చేసరికి, పిల్ల లేదు. స్నానం చేయించినప్పుడు చూశాను. ఒంట్లో నీరంతా పోయింది. తక్కెట్లో అంత బరువు తూగిన పిల్ల, నా చేతుల్లో పెడితే ఖాళీ సంచిలా ఉంది.

ఏడుపులు కాస్త తగ్గాక మామ్మ నన్ను దగ్గర కూచోబెట్టుకుని అడిగింది, "ఆ సేపలావిడ పిల్లని ముట్టుకుని ఏటందే? సరిగ్గా సెప్పు." పోలమ్మ ఏమందో మామ్మ విననే విన్నది. కానీ ఇంకోలా వినాలని ఆవిడకి ఉంది, అది నాకు అర్థమైంది. "చచ్చిపోతాదంది" అన్నాను. అంతే. నిండుగా ఉన్న పిల్లని పోలమ్మ కన్ను కొట్టేసిందని, నోరు కొట్టేసిందని వీధి వీధంతా తేల్చేసింది. మరుసటి వారం ఆవిడ గంపతో మలుపు తిరగగానే మామ్మ బిందెడు పేడనీళ్ళు ఎదురుగా గుమ్మరించి, పుట్టిన దగ్గర నుంచి నేర్చిన తిట్లన్నీ తిట్టింది. పోలమ్మ గంపతో అలాగే వెనక్కి తిరిగిపోయింది. మళ్ళీ మా వీధికి రాలేదు. ఆవిడ బేరం పోగొట్టింది నా నోరు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు, ఎన్ని రాశానో అన్నీ రాసి కూడా.

ఆ రోజు అంగన్‌వాడీ నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండాలో కూచుని ఉంది. అమ్మకి ఎనభై దాటాయి. చెవులు బాగానే పనిచేస్తాయి, మతీ బాగానే ఉంది. నా దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎవరు అడిగినా, అడక్కపోయినా, "నాకో పిల్లుండేది. బొద్దుగా, దొరల పిల్లలా. కళ్ళు పడి పోయింది" అని చెప్పుకుంటుంది. ఆ మాట మీదే బతికింది ఆవిడ. నేను నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోవలసింది. కానీ అక్కడే నిలబడి చెప్పేశాను, టీచరు చెప్పిందంతా, నీరు, గుంట, బరువు అన్నీ. ఎవరి కోసం చెప్పాను? పోలమ్మ కోసమా? ఎన్నేళ్ళో అయింది, ఆవిడ ఉందో లేదో. నా గుండె బరువు దింపుకోవడానికే చెప్పాను. పరమ స్వార్థం.

అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తరవాత అడిగింది.

"అయితే ఆ పూడిమడక ఆవిడ నిజఁవే సెప్పిందంటావు."

"నిజమేనమ్మా."

"సేప నీళ్ళు పడితే బతికేదా?"

"బతికేదేమో."

అమ్మ ముఖం కొంచెం తేటపడింది. "పోన్లే. మన ఇంట్లో అది జరిగే పని కాదు కదే. మీ మామ్మ పట్టనిచ్చేదా? నేను మాత్రం ముట్టగలనా?" అంది. ఒక దారే ఉండేది, ఆ దారి తనకి మూసుకుపోయింది, అంతే అనుకుంది. అక్కడితో ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. నా వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"సేపలే కావాలా? మనం తినేవాటిల్లో ఏదీ పనికొచ్చేది కాదా?"

కాదమ్మా అంటే సరిపోయేది. మూడు అక్షరాలు. ఎనిమిదేళ్ళప్పుడు అంత అబద్ధం అలవోకగా ఆడిన నోరు, ఇప్పుడు ఆడలేకపోయింది.

"పనికొచ్చేదమ్మా. పప్పు. గుక్కెడు పాలు. గుప్పెడు వేరుశనగ గుళ్ళు నూరి అన్నంలో కలిపినా చాలు."

"మన నడవలో బస్తాలుండేవి కదే" అంది అమ్మ.

ఏడవలేదు. లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి పడుకుంది. మర్నాడు మామూలుగానే లేచింది, స్నానం చేసింది, పూజ చేసుకుంది. కంచం ముందు కూచున్నాక నేను పప్పు వడ్డిస్తే, వేలి కొసతో దాన్ని కంచం అంచుకి జరిపేసి, చారు పోసుకుని తింది. మూడు వారాలైంది. ఏ పూటా ముట్టలేదు. పాలు కూడా వద్దంటోంది. "ఏం, అరగట్లేదా?" అని ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతున్నారు. అమ్మ ఏమీ చెప్పదు. నేనూ చెప్పను. తినమని బతిమాలడానికి నాకు ఏ మొహం ఉందో మీరే చెప్పండి. పూటపూటా వడ్డిస్తున్నాను, పూటపూటా తీసి పారబోస్తున్నాను. చేతులకి గాజులు వదులైపోతున్నాయి ఆవిడకి.